చేతులెత్తని ఓటు

ఉద్యోగ విరమణ తర్వాత అజ్మాన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, సర్కారు బడిలో నా దగ్గర సాంఘిక శాస్త్రం చదివిన శిష్యుడొకడు చూడటానికి వచ్చాడు. దుబాయ్ దగ్గరి జెబెల్ అలీలో గోదాము పని. గదిలో ఎనిమిది మంది ఉంటారట.

"కరోనాల మా రూంల ఒకాయనను దవాఖానకు తీస్కపోయిండ్రు సార్. తగ్గినంక వస్తనంటే, రానియ్యాల్నా వద్దా అని ఒకటే లొల్లి. చేతులెత్తుమంటే అందరు మా రూంలనే ఉండే ఫోర్‌మన్ మొఖమే చూస్తుండ్రు. ఆయనకేమో భయం, వద్దంటుండు. నేనే అన్న, 'చేతులు ఖలాస్, చీటీలు రాయుర్రి' అని. మన క్లాసు లీడర్ ఎన్నిక లెక్కనే."

"ఏమైంది మరి?"

"రమ్మని నాలుగు, వద్దని మూడు. ఫోర్‌మనే పోయి తోల్కచ్చిండు సార్."

"వద్దన్న ముగ్గురెవరు?" అని నోరు జారాను.

"సార్! ఎవరేం రాసిండ్రో అడగొద్దని మీరే చెప్తిరి గదా!" అంటూ పకపకా నవ్వాడు.

ఆ రోజు డైరీలో ముందు నా తప్పు రాసుకున్నాను. దాని కింద, ఎప్పుడో చెప్పిన పాఠం ఒక మనిషికి తన మంచం తిరిగి ఇప్పించిందని రాసి, ఆ పాఠాన్ని నాకంటే బాగా గుర్తుంచుకున్న శిష్యుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.