సీట్ల మామయ్య కుట్టిన గోడ

గ్రంథాలయం వెనక హాలులో వారానికి మూడు రోజులు, పొద్దుటిపూట, చంటిపిల్లలూ వాళ్ళ తల్లులూ చేరతారు. తాళంచెవి, టీ కెటిల్, కేకలేయడం నా బాధ్యతలు.

మా పైవాటాలో అద్దెకుండే పిల్ల కూడా ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని వచ్చేది. నడక వచ్చిన పిల్లలు తోపుడుబండ్లతో హాలంతా దున్నేస్తుంటే పాపను దించే చోటేది? ధైర్యం చేసి ఒకరోజు దించింది. ఒక బుడతడి బండి చక్రం పాప చిటికెన వేలి మీదుగా వెళ్ళింది. వేలికేమీ కాలేదు కానీ తల్లి సంచి సర్దేసుకుంది.

"ఇంక రానక్కా. ఇంట్లోనూ చంకలోనే, ఇక్కడా చంకలోనే. ఈమాత్రానికి రావడమెందుకు?"

ఆమె భర్త పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. ఈ హాలు లేకపోతే ఆమెతో నాలుగు మాటలాడే దిక్కు లేదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి, "వారం ఆగు, పాపకు చోటు చేయిస్తా" అనేశాను. ఎలాగో మాత్రం నాకే తెలియదు.

మా ఆయన మేనమామ నలభై ఏళ్ళు బస్సు డిపోలో సీట్లు కుట్టి రిటైరయ్యారు. అందరికీ ఆయన సీట్ల మామయ్య. ఇప్పుడు రోజంతా ఇంట్లో అత్తయ్య కాళ్ళకు అడ్డంపడుతున్నారు. అడగ్గానే టేపు పట్టుకొచ్చి, హాలు గుమ్మంలోనే మోకాళ్ళ మీద వంగారు.

"ఇదేంటి మామయ్యా?"

"సీటు కుట్టేముందు కూర్చుని చూస్తాం. పాకేవాళ్ళ చోటు పాకి చూడొద్దూ?"

హాలంతా పాకారు. బీరువా కింద రెండు గుండుసూదులు, చొక్కా గుండీ, ఒక చెక్కపేడు దొరికాయి. ఆ హాలు ఊడ్చేది నేనే.

"నువ్వు నిలబడేవాళ్ళ కోసం ఊడుస్తున్నావమ్మాయ్" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చేసరికి ఆ మంట కాస్త చల్లారింది.

అయిదు రోజుల్లో ఆకుపచ్చ రెక్సిన్ పరుపు, చుట్టూ నాలుగు స్పాంజి గోడలు తయారయ్యాయి. గుండీ లేదు, జిప్పు లేదు, కుట్లన్నీ లోపలికే. జరగకుండా అడుగున ఇసుక సంచులు. తోపుడుబండ్లు వచ్చి గుద్దుకుని వెనక్కి పోతుంటే చప్పట్లు కొట్టాం. పాపనూ మరో ఇద్దరు పసివాళ్ళనూ లోపల కూర్చోబెట్టాం. ఒకరు ఏడుపందుకున్నారు, తర్వాత ముగ్గురూ. గిలక్కాయలు ఊపినా లాభం లేకపోయింది. పైవాటా పిల్ల పాపను ఎత్తుకుని, సంచి భుజాన వేసుకుంది.

మామయ్య చెప్పులు విడిచి, లోపలికి దిగి పడుకున్నారు.

"అమ్మాయ్, ఎక్కడున్నావ్?"

"మీ పక్కనే, మామయ్యా!"

"కనబడవే!" అని ఆయన నుదురు కొట్టుకున్నారు. "ముందువాడి బట్టతల వెనకవాడికి కనబడకుండా నలభై ఏళ్ళు కుట్టాను. చెయ్యి ఆ ఎత్తుకే పోయింది. వీళ్ళకు అమ్మ కనబడాలి కదా!"

తాను వేసిన కుట్టు ఏనాడూ విప్పలేదని గొప్పలు చెప్పుకునే మనిషి, అక్కడే బ్లేడు తీశారు. "ఒక్క గంట కూర్చో తల్లీ" అని పైవాటా పిల్లను బతిమాలారు. పాప కూర్చుంటే కన్ను ఎంత ఎత్తుకు వస్తుందో కొలిచి, దానికి రెండు వేళ్ళు తక్కువగా గోడలు కోసి మళ్ళీ కుట్టారు.

ఈసారి పాప అటూ ఇటూ చూసింది. గోడమీంచి అమ్మ కనబడింది. నిశ్చింతగా రెక్సిన్ అంచు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టింది.

మామయ్య హాలు గోడకానుకుని కూర్చుని చాలాసేపు పాపనే చూశారు. "అన్ని సీట్లు కుట్టానా, కూర్చున్నవాళ్ళ మొహం ఒక్కటీ చూడలేదమ్మాయ్" అన్నారు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఈ మనిషికి ఎంత రుణపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

పైవాటా పిల్ల సంచి కింద పెట్టింది. టీ ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏమైందే?"

"వేడిగా ఉందక్కా" అంది. "పాప పుట్టాక వేడి టీ తాగడం ఇదే మొదలు."