డిపాజిట్‌ను కానుక అని రాయించారు

పదవీ విరమణకు ముందు మూడేళ్లు తార్నాకలోని మా బ్యాంకు శాఖలో డిప్యూటీ మేనేజర్‌గా, విదేశీ మారకం సీటులో పనిచేశాను. విదేశాలకు డబ్బు పంపేవారు ఎందుకు పంపుతున్నారో ఒక ఫారంలో రాసి సంతకం చేస్తారు. చదువు, వైద్యం, ఇల్లు కొనడం, కానుక, ఇలా ఒక్కో కారణానికి ఒక్కో కోడ్. అది సరిచూసి పంపడం నా పని.

చివరి ఏడాది జూన్‌లో ఎస్తేరు గారు వచ్చారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో కెమిస్ట్రీ ల్యాబ్ సూపరింటెండెంట్‌గా చేసి అప్పుడే రిటైరయ్యారు. విద్యానగర్‌లో అద్దె ఇల్లు. చెల్లెలు దుబాయిలో నర్సు. నెల క్రితం ఎస్తేరు గారు దుబాయిలో ఒకతనికి కానుక అని రాసి డబ్బు పంపారు. ఆ ఫారం పాస్ చేసింది నేనే. ఇప్పుడు అతనికే నాలుగింతలు, మళ్లీ కానుకే.

“మీ బంధువులా?” అని మామూలుగానే అడిగాను.

“కాదు సార్, ఆయనెవరో నాకు తెల్వది. చెల్లె దగ్గర ఉందామని గాడ ఇంకా కడుతున్న ఫ్లాటు ఒకటి తీసుకుంటున్న. మొన్నటిది అడ్వాన్సు. గిఫ్ట్ అని రాస్తే బ్యాంకోళ్లు సతాయించరని ఫ్లాటు ఇప్పిస్తున్న ఏజెంటే ఫారం నింపిండు.”

నాకు ఒళ్లు మండింది. దుబాయిలో ఇంకా కడుతున్న ఫ్లాటుకు కొనేవారి డబ్బు నేరుగా బిల్డరు చేతికి పోకూడదు. ప్రాజెక్టు పేరిట ఎస్క్రో అనే ప్రత్యేక ఖాతా ఉంటుంది. పని జరిగిన మేరకే బిల్డరు అందులోంచి తీసుకోవాలి. కొనేవారికి అదే పెద్ద రక్షణ. ఈమె డబ్బు ఎవరో ఒక మనిషి సొంత ఖాతాలో పడింది. పైగా కానుకగా రాసిచ్చిన దాన్ని డిపాజిట్ అని ఏ కాగితం చూపించి వెనక్కి అడుగుతారు?

మేనేజరు గారికి చెప్పాను. ఫారం సక్రమంగా ఉంది, డిక్లరేషన్ ఆమెది, మన మీదికేమీ రాదు, పంపేయమన్నారు. అబద్ధమని ఆమె నోటే విన్నాక పంపనని కాగితం మీద రాసిచ్చాను.

సాయంత్రం ఆమెతో కలిసి, రెండు వీధుల అవతలున్న ఏజెంటు ఆఫీసుకు వెళ్లాను. రసీదు అడిగితే నవ్వాడు.

“మేడమ్, గిఫ్ట్ అని మీరే సంతకం పెట్టిన్రు గదా. గిఫ్టుకు రసీదేంది?”

ల్యాబ్‌లో సీసా బయటికి పోవాలన్నా రిజిస్టర్‌లో సంతకం తీసుకున్న మనిషి ఆమె. బయటికి రాగానే చెల్లెలికి ఫోన్ చేసి, బిల్డరు ఆఫీసుకు వెళ్లి కనుక్కోమన్నారు.

చెల్లెలు వెళ్లి అడిగితే, ఎస్తేరు పేరిట ఏ ఫ్లాటూ బుక్ కాలేదని బిల్డరు ఆఫీసులో చెప్పారట. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, కేసు ఇంకా నడుస్తోంది. రెండో విడత మిగిలింది, మొదటిది రాలేదు. ఏజెంటు మాత్రం బోర్డు మార్చి అక్కడే వ్యాపారం చేసుకుంటున్నాడు.

ఆ మొదటి ఫారాన్ని ఆడిట్‌లో ఎవరూ తప్పు పట్టలేదు. నేను పట్టాను, ఆలస్యంగా. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగకుండా గడులు నిండాయా లేదా అని మాత్రమే చూశాను. బయటి దేశంలో ఇల్లు కొనేవారు డబ్బు ఎవరి ఖాతాకు పోతోందో, ఏ కారణం రాశారో స్వయంగా చదవాలి. కారణం అబద్ధమైతే, అక్కడి చట్టం ఎంత మంచిదైనా కొనుగోలుదారుగా నిలబడటమే కష్టం.