అత్తమ్మకు ఒక ఫోను

బగారన్నంలో లవంగం పంటికి తగిలితే అందరూ తీసి కంచం అంచున పెడతారు. నేను పెట్టను. బుగ్గన దాచుకుని కాసేపు ఊరుకుంటాను. ఆ ఘాటు మెల్లగా గొంతులోకి దిగుతుంటే మా మేనత్త సుగుణ గుర్తుకొస్తుంది. ఆమె సికింద్రాబాద్‌లో రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. బోర్డు ముందు కూర్చున్నంతసేపూ బుగ్గన లవంగం ఉండాల్సిందే, గొంతు బొంగురుపోకూడదని. బోయిగూడలో వాళ్లింటి ఫోను ఎత్తితే మాట్లాడే చోట కూడా అదే వాసన వచ్చేది. వంటింట్లో వాడే లవంగం వాసన మాత్రం నాకు ఎప్పుడూ వేరుగానే తోచేది.

మామయ్య తొందరగా పోయాడు, పిల్లల్లేరు. మా అమ్మ కుట్టుపని నుంచి ఇంటికొచ్చేసరికి చీకటి పడేది కాబట్టి, బడి వదలగానే నేను అత్తమ్మ ఇంటికే వెళ్లేదాన్ని. జడలు వేసిందీ, ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ, వీపు మీద ఒకటి వేసిందీ ఆమే. ఆ గల్లీకంతా ఫోను ఆ ఒక్క ఇంట్లోనే ఉండేది. ఎవరికి ఫోనొచ్చినా పరుగెత్తి పిలుచుకురావడం నా డ్యూటీ. ఒకసారి ఎదురింటి నర్సమ్మను తీసుకొచ్చి, ఫోను చేతికిచ్చి, ఆటకు పోబోతుంటే అత్తమ్మ కొంగు దోపుకుంటూ వంటింట్లోంచి కేకేసింది.

"నర్సమ్మ మాట్లాడుతున్నదా?"

"ఇచ్చిన అత్తమ్మా."

"ఇచ్చినవ్ సరే, మాట్లాడుతున్నదా? రెండో గొంతు వినొచ్చేదాక ఆడికెల్లి కదలొద్దు బిడ్డా. అవతల పట్టుకొని ఉన్నోళ్లకు మనం తప్ప ఎవరు దిక్కు?"

ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఆ రోజుల్లో ఫోను ఎత్తితే ఒక్కోసారి వేరేవాళ్ల లైను కలిసి, ఎవరో ఎవరితోనో చెప్పుకునే ఇంటి సంగతులు చెవిలో పడేవి. నాకైతే అంతకన్న మంచి కాలక్షేపం లేదు. అత్తమ్మ మాత్రం వెంటనే లాక్కుని, "మాఫ్ చెయ్యండి, లైన్ కలిసింది" అని వాళ్లకు చెప్పి మరీ పెట్టేసేది. మనది కాని మాట మనం వినొద్దు అనేది. పాతికేళ్లు ఊరందరి మాటలూ ఆ చెవి పక్క నుంచే పోయాయి, ఒక్కటీ ఆమె నోట రాలేదు.

రిటైరయ్యాక కొన్నేళ్లకు ఆమెకు మతిమరుపు మొదలైంది. మొదట తాళాలు, తర్వాత దారులు, తర్వాత మనుషులు. డాక్టరు డిమెన్షియా అన్నాడు. నేను, మా ఆయన రమేష్ కలిసి ఆమెను అల్వాల్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాం. నేను కరెంటాఫీసులో కంప్లైంట్ల టేబుల్ దగ్గర పనిచేస్తాను. పొద్దంతా ఫోన్లు ఎత్తడం, లైన్‌మన్‌కు కలపడం. పనిమనిషి మధ్యాహ్నం వెళ్లిపోతే, నేను వచ్చేదాకా అత్తమ్మ ఒక్కతే. ఆ కాసేపు గడవడమే కష్టమైంది. ఒక మధ్యాహ్నం ఆమె బస్టాపులో నిలబడి, వచ్చేపోయేవాళ్లను "ఇక్కడ ఫోనెక్కడున్నది బాబూ" అని అడుగుతుంటే పక్కింటావిడ చూసి తీసుకొచ్చింది. భయమేసి నాతో మాట్లాడాలనుకుందట, అంతే. రమేష్ చెడ్డవాడు కాదు, కానీ ఆ రోజు కచ్చితంగా చెప్పాడు. "మంచి ఫోన్ ఒకటి చూద్దాం లలితా. ఆమె నీకు చెయ్యగలిగితే సరే. లేకుంటే నువ్వు ఉద్యోగమన్న మానాలె, ఆమెను ముసలోళ్ల హోంలనన్న పెట్టాలె." ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. హోమ్ అన్న మాట నాకు మింగుడుపడలేదు.

అట్లా ఫోన్ల వేట షురూ అయింది. పెద్ద పెద్ద అంకెలున్న సెల్‌ఫోను తెచ్చాం. అత్తమ్మ దాన్ని టీవీ రిమోట్ అనుకుని, టీవీ వైపు చూపించి నొక్కి నొక్కి విసుక్కుంది. చివరికి అది బియ్యం డబ్బాలో దొరికింది. తర్వాత ఫొటో బటన్ల ఫోను తెచ్చాం. నా బొమ్మ నొక్కితే నాకు వస్తుంది. ఆమె నా బొమ్మను తేరిపార చూసి, "ఇది మీ అమ్మ గదా, సచ్చిపోయినామెకు ఫోనెట్ల చేస్తరు" అంది. అందులో తప్పేమీ లేదు, ఈ మధ్య అద్దంలో నాకూ అమ్మే కనిపిస్తోంది.

చివరికి ఆమెనే వెంటబెట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక ఫోన్ల దుకాణానికి వెళ్లాం. దుకాణదారు ఒక్కొక్కటే తీసి, "ఇది మస్తు ఈజీ అమ్మా, ముసలోళ్లందరు ఇదే కొంటున్నరు" అని చూపిస్తున్నాడు. నేను అటు చూస్తుండగానే అత్తమ్మ ఒక మూలకు నడిచింది. అక్కడ దుమ్ముపట్టిన ల్యాండ్‌లైన్ ఫోనొకటి ఉంది. పైట చెంగుతో తుడిచి, ఎత్తి, చెవికి పెట్టుకుని, బుద్ధిగా నిలబడింది.

"నంబర్ కొట్టాలె గదమ్మా" అన్నాడు దుకాణదారు నవ్వుతూ.

"నేనెందుకు కొట్టాలె? ఎత్తినంక ఎక్స్ఛేంజోళ్లు అడుగుతరు గదా, ఎవరు కావాలని."

అతను నవ్వడం మానేశాడు. అలాంటిదే ఒకటి ఉందన్నాడు. చూడటానికి ల్యాండ్‌లైనే, లోపల సిమ్ము ఉంటుంది. ఎత్తి ఊరికే పట్టుకుంటే చాలు, ముందే పెట్టిన నంబరుకు దానంతట అదే వెళ్తుంది. నా నంబరు పెట్టించుకుని, ప్రపంచాన్ని జయించినట్టు ఆటోలో ఇంటికొచ్చాం.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో నా సెల్ మోగింది. ఇంటి నంబరు. ప్రాణం లేచొచ్చి, "అత్తమ్మా, నేను లలితను" అన్నాను. ఆమె చాలా మర్యాదగా, "మాఫ్ చెయ్యండి, లైన్ కలిసింది" అని పెట్టేసింది. ఆ వారమంతా అదే. నేను ఎంత తొందరగా పేరు చెబితే ఆమె అంత తొందరగా పెట్టేసేది. నాకు కోపమొచ్చేది, ఏడుపొచ్చేది, ఆ మర్యాదకు నవ్వూ వచ్చేది. రమేష్ హోమ్ వివరాలు కనుక్కుంటున్నాడని నాకు తెలుసు.

ఎండాకాలం గాలిదుమారం వచ్చి సగం ఏరియాలకు కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, టేబుల్ మీద ఫోన్లన్నీ ఒక్కసారి మోగుతున్నాయి. నా సెల్ కూడా మోగితే నంబరు చూడకుండానే ఎత్తి, ఆఫీసు గొంతుతో, "నమస్కారం, చెప్పండి" అన్నాను.

"నమస్కారమమ్మా. అల్వాల్ నుంచి మాట్లాడుతున్న. మా తమ్ముని బిడ్డ లలిత ఉంటది, జెర లైన్ కలుపుతరా? ఇంట్ల ఎవ్వరు లేరు. గాలికి తలుపులు కొట్టుకుంటున్నయి, భయమైతున్నది."

ఎక్స్ఛేంజి అడగకుండా నేరుగా వినిపించిన గొంతు ఆమె లెక్కలో ఎవరిదో కలిసిన లైను. నన్ను మరిచిపోయి పెట్టేయలేదు ఆమె, ఇంకొకరి మాట వినకూడదని పెట్టేసింది. నేను పక్కకు తిరిగి, "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అన్నాను. ఒక గుక్క మంచినీళ్లు తాగాను. తర్వాత నా ఇంటి గొంతుతో, "అత్తమ్మా" అన్నాను.

"ఆ, బిడ్డా. దొరికినవా? ఎప్పుడొస్తవ్?"

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం నేను ముందు ఎక్స్ఛేంజిని, తర్వాత లలితను. ఆఫీసులో అందరికీ అలవాటైంది. రమేష్ మళ్లీ హోమ్ మాట ఎత్తలేదు. ఒకసారి ఇంట్లో ఉండి ఆమె ఫోను చెయ్యడం తనే చూశాడు. ఆ రోజు నాతో మాట్లాడాక ఆమె పెట్టేయకుండా, "ఆపరేటరమ్మా, మంచిగ కలిపినవ్" అని నాకే మెచ్చుకోలు చెప్పింది. ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లకు నాకు దక్కిన శభాషు అదొక్కటే.

ఏడాది దాటాక ఒకరోజు ఫోను వచ్చింది. "ఎవరు కావాలండీ" అని అడిగాను. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. లలిత అన్న పేరు కోసం వెతుకుతోందని నాకు తెలుస్తోంది. అందిద్దామని నోటిదాకా వచ్చింది, కానీ అందిస్తే పెట్టేస్తుందేమోనని భయం.

"యాదికొస్తలేదమ్మా" అంది చివరికి.

"ఫర్వాలేదు, నిదానంగా చెప్పండి."

"ఎవరు లేకున్న ఏం కాదు. మీరుండుండ్రి లైన్ల."

ఉన్నాను. కంప్లైంట్ల ఫోన్లు పక్కవాళ్లు ఎత్తుకున్నారు. ఆమె ఇంకేమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నాలు అట్లాగే గడిచాయి.

అత్తమ్మ పోయాక ఆ ఫోను మా ఇంట్లోనే ఉంది, ఎత్తితే ఇప్పటికీ నాకే వస్తుంది. ఆఫీసులో జనం తిడుతూనే ఉంటారు, కరెంటు పోతూనే ఉంటుంది. కొత్తగా చేరిన వాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు, ఈమె బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చుంటుందనీ, లైన్‌మన్‌కు కలిపాక కూడా ఫోను పెట్టదనీ. నేను రెండో గొంతు కోసం ఆగుతాను. అది వినిపించాకే పెడతాను.