గుడ్ ఫ్రైడే నాటి నవ్వు

గుడ్ ఫ్రైడే ఆరాధన ముగించుకుని మందమర్రిలో కరీంనగర్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె ఫోన్‌లో పగలబడి నవ్వుతోంది. ఆమె మెడలో సిలువ చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఇయ్యాల ప్రభువు ప్రాణమిచ్చిన దినం. జర సిగ్గుండాలె," అన్నాను, బస్సంతా వినేలా.

ఆమె గబుక్కున ఫోన్ పెట్టేసింది. నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది.

"నా బిడ్డక్కా. కరీంనగర్ దవాఖానల ఉన్నది. డాక్టర్లు చేతులెత్తేసిండ్రు. 'ఏడ్వకవ్వా, నీ నవ్వు వినాలనున్నది' అన్నది. గందుకే నవ్విన."

మళ్ళీ ఫోన్ చెయ్యమని నేనే బతిమాలాను. కరీంనగర్ వచ్చేదాకా చేస్తూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తలేదు.

దిగేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నా బిడ్డ కోసం ప్రార్థన చెయ్యక్కా," అంది.

ఆ పిల్ల పేరేమిటని అడగడానికి నాకు నోరు రాలేదు.