మొక్కు లేని జాతర

పుంగనూరులో మా ఇంటి ఎదురు బట్టలకొట్టాయన ఏడాదంతా తలెత్తి మాట్లాడేవాడు కాదు. గంగమ్మ జాతరలో మాత్రం చీర కట్టి, పలక డప్పుల మోతకు నవ్వుతూ ఆడేవాడు. తోటి ఆటగాళ్లు “అక్కా” అని పిలిచి చెయ్యి పట్టుకునేవారు. మొక్కుంటేనే మగవాళ్లు ఆడవేషం కట్టాలి. అందుకని ఇంట్లో ఎవరు తుమ్మినా ఆయన మొక్కేవాడు.

“ఈ తూరి ఎవురికి బాగలేదప్పా?” అని జనం ఎగతాళి చేసేవారు.

“మా ఆవుకి,” అనేవాడు.

కొడుక్కి పెళ్లి కుదిరిన ఏడాది వియ్యంకులు వేషం కట్టొద్దన్నారు. ఆయన ఒప్పుకున్నాడు. జాతరనాడు పలకలు మా వీధిలోకి వచ్చాయి.

“యాల కూసున్నావక్కా? రా!”

“మొక్కు లేదప్పా. అందరూ బాగుండారు,” అన్నాడు, గుడ్డ మడత పెడుతూ.

చనిపోయేదాకా ప్రతి జాతరకూ కొట్టు తెరిచే ఉంచాడు. ఆ రోజు బట్టలు కొనడానికి ఎవరూ వచ్చేవారు కాదు.