మా మేనత్త తాగుబోతుల సంఘం

మొన్న రాయికోడ్ నుంచి జహీరాబాద్ వస్తున్న షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నామె సంచిలోంచి పులిసిన కల్లు వాసన గుప్పుమంది. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె ఆ సంచిని పసిబిడ్డలా పొట్టకు అదుముకుంటోంది. ఆటోలో మిగతావాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

మా వైపు ఆడవాళ్లు కల్లు తాగడం వింతేమీ కాదు. పత్తి ఏరి, కంది కోసి వచ్చిన ఒళ్లునొప్పులకు అదే మందు. అయితే మా అత్త తాగినది చెట్టు మీంచి దించింది దించినట్టుండే కల్లు కాదు, మత్తుమందు కలిపింది. పూట తప్పితే చేతులు వణికేవి, గోడల మీద లేని పురుగులు కనిపించేవి. ఆమెంత పలుచగా జొన్నరొట్టె కొట్టేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని మా నాయన గొప్పలు చెప్పేవాడు. ఆమెది మొగుడంపల్లి దగ్గరి పల్లె. ఒకసారి జహీరాబాద్‌లో మా ఇంటికి వచ్చి రొట్టెలకు కూర్చుంటే, ఆ చేతుల్లోనే రొట్టె చినిగి ముద్దలుగా రాలింది. పీట మీంచి లేచి, “నడువు బిడ్డా, దవాఖానకు పోదాం” అంది నాతో. ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు వస్తాయని డాక్టరు మాత్రలిచ్చి మెల్లగా మాన్పించాడు. ఒళ్లు కుదుటపడింది గానీ, పొద్దు వాలితే కాళ్లు వాటంతటవే కల్లు కాంపౌండు వైపు తిరిగేవి. కాళ్లకు మాత్రలు లేవు కదా.

బట్టలు కుట్టే ఆమె పరిచయమైంది ఆ దవాఖాన వరండాలోనే. చర్చి వెనక గల్లీలో ఆమెకు ఒంటి గది ఉండేది. తానూ తాగి మానేసిందే. తనలాంటి ఆడవాళ్లను పోగుచేసి, వారానికోసారి మధ్యాహ్నం మిషను పక్కకు జరిపి కూర్చోబెట్టేది. అక్కడ ఎవరూ ఎవరికీ బుద్ధులు చెప్పకూడదు. ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలి, విన్నది గడప దాటకూడదు. నేను అత్తను దింపి గుమ్మం అవతలే ఆగేదాన్ని. లోపలి నుంచి ఏడుపుల కంటే నవ్వులే ఎక్కువ వినిపించేవి. మా నాయనకు మాత్రం ఇది తలవంపులు. తాగితే తాగింది, తాగానని నలుగురిలో చెప్పుకోవడమేమిటని ఆయన బాధ. “ఏందే మీ తాగుబోతుల సంఘం?” అని ఒకరోజు ఎగతాళి చేశాడు. మా అత్త కాస్త ఆలోచించి, “పేరు మంచిగుందన్నా. గదే పెట్టుకుంటం” అంది. పెట్టుకున్నారు కూడా.

ఆ ఏడు తిరగకముందే మా మామ, అత్త భర్త, చేనులో కుప్పకూలి చనిపోయాడు. మూడోనాడు చుట్టాలు చేరి కల్లు తాగడం, చావింటి ఆడమనిషికి తాపడం వాళ్ల ఇంటి ఆచారం. మా మామ అన్న, ఆ ఇంటికి పెద్ద, లోటా నిండా పోసి ఆమె ముందు పెట్టాడు.

“ఒక్క గుక్క తాగు. సచ్చినోడు సల్లగుండాలె.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“తాగకుంటే వాని ఉసురు తగుల్తది. గట్లైతే ఈ ఇంట్ల నీకు జాగ లేదు.”

ఆమె కళ్లు లోటా మీదే ఉన్నాయి. పక్కనే కూర్చున్న నాకు ఆమె గుటక మింగడం వినిపించింది. చెయ్యి లేచి లోటా అంచు దాకా పోయింది.

సంఘం ఆడవాళ్లు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వచ్చి వాకిట్లో ఓ మూలన కూర్చుని ఉన్నారు. వాళ్లెవరని అడిగినవాళ్లు లేరు. బట్టలు కుట్టే ఆమె లేచి వచ్చి మా అత్తకు ఎదురుగా కూర్చుంది. తాగొద్దని అనలేదు. మగవాళ్లందరికీ వినపడేలా, తన గదిలో మాట్లాడినట్టే మొదలుపెట్టింది. “నేను తాగుబోతును. నా మొగడు సచ్చిన్నాడు గిట్లనే పోసిన్రు, తాగిన. ఆయన్ని ఎట్ల సాగనంపిన్నో నాకు ఇప్పటికీ యాదికి లేదక్కా.” వెనకాలే ఇంకొకామె వచ్చింది. “నేను గూడ తాగుబోతునే. నా బిడ్డ కాన్పునాడు నేను తాగి సోయిల లేను.” పెద్దాయన ముఖం ఎర్రబడింది. “ఎవరు పిలిచిన్రు వీళ్లను? లేవున్రి!” అని అరిచాడు. ఒక్కరూ లేవలేదు.

మా అత్త లోటా ఎత్తింది. మామ కోసం విస్తరిలో పెట్టిన కూడు పక్కన మట్టిలో మొత్తం ఒంపేసింది. “ఆయన వంతు ఆయనకు పోసిన బావా. నేను తాగుబోతును. నా పెనిమిటి కోసం నేను సోయితోటి ఏడుస్త.” అని, ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్లీ వినలేదు. మామ కోపాలు, ఆయన బీడీలు, ఎండాకాలం వాకిట్లో నీళ్లు చల్లి ఆమె కోసం ఆయన వాల్చిన నులకమంచం, ఒక్కోటీ పేరుపెట్టి ఏడ్చింది.

పెద్దాయన అన్నంత పనీ చేశాడు. దినాలు కాగానే ఆమె బట్టల మూటతో జహీరాబాద్ వచ్చి, మా ఇంట్లో ఉండమంటే వినకుండా, బట్టలు కుట్టే ఆమె పక్క గదిలో అద్దెకు దిగింది. జొన్నరొట్టెలు చేసి అమ్ముకుంటోంది. సంఘంలో ఇద్దరు మళ్లీ కల్లుకు పోయారు. ఒకామె తిరిగొచ్చింది, ఇంకొకామె రాలేదు. కొన్నాళ్లకు మా అత్త తోడికోడలు, ఆ పెద్దాయన భార్యే, కొంగు ముఖం మీదికి లాక్కుని సంఘానికి వచ్చి గోడవారన కూర్చుంది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. మా అత్త జరిగి చోటిచ్చింది. ఇప్పుడు మీ చెల్లె ఏం చేస్తదని ఎవరైనా అడిగితే, మా నాయన “సంఘం నడుపుతది” అంటాడు. ఏ సంఘమో మాత్రం చెప్పడు.

కాలమే అన్నీ నయం చేస్తుందని చావింట్లో అందరూ అంటారు. మా అత్తను చూశాక నాకా మాట మీద నమ్మకం పోయింది. కాలం దాని మానాన అది పోతూనే ఉంటుంది, నయం కావాలంటే మనకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు ఉండాలి.