కొబ్బరినూనె తూటా

అచ్చులోంచి తీసిన సీసపు తూటా ఉన్నపళంగా పనికిరాదు. కాస్త లావుగా, అక్కడక్కడ ఉబ్బుగా వస్తుంది. తేనెమైనంలో కొవ్వు కలిపి కాచిన ముద్దను దాని నడుం చుట్టూ ఉన్న గాడుల్లో బొటనవేలితో నింపాలి. తర్వాత ఉక్కు రింగులో పెట్టి మీట నొక్కితే టక్కుమని అవతలికి జారిపడాలి. అప్పుడే రైఫిల్ గొట్టంలో సీసం అంటుకోకుండా నేరుగా పోతుంది. అరటితోటకు నీళ్లు కట్టడానికి జగిత్యాల వైపు నుంచి అరబ్బు దేశంలోని సలాలాకు వచ్చిన భీమన్నకు ఈ విద్య పట్టుబడి పందొమ్మిదేళ్లయింది.

రైఫిల్ ముసలి బఖీత్‌ది. తోటా ఆయనదే. తాతనాటి తుపాకి, లైసెన్సు ఉంది. సీసం కరిగించి పోసేదీ, ఇత్తడి గొట్టాల్లో తుపాకిమందు నింపి తూటా బిగించేదీ ముసలాయనే. నడిమి పని భీమన్నది.

కొవ్వు మాత్రం బఖీత్ భార్య అజీజా కాచేది. ఆ కొండల్లో ఎవరింట చూసినా ఆవులే, కొవ్వన్నా ఆవుదే. మొదటి ఏడాది గిన్నె ముందు పెట్టగానే భీమన్న చేతులు వెనక్కి పోయాయి. అజీజా గిన్నె లోపలికి తీసుకెళ్లింది. మర్నాటి నుంచి మేక కొవ్వు కాచింది. అది తనకోసమేనని భీమన్నకు తెలుసు. ఆ సంగతి ఇద్దరూ ఒక్కసారైనా మాట్లాడుకోలేదు.

పోయిన చలికాలం అజీజా చనిపోయింది. ఆమె కాచిపెట్టిన డబ్బా ఎండాకాలానికి అడుగంటింది. బఖీత్ తనే కొండెక్కి, మోకాళ్లు పట్టుకుంటూ దిగివచ్చి, ఓ గిన్నె భీమన్న ముందు పెట్టాడు.

"మంచి ఆవుది. నేనే కాచాను" అన్నాడు, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

భీమన్న తల ఊపాడు. సాయంత్రం పక్కతోటలో కొబ్బరికాయలు దింపే అంజితో చెప్పుకున్నాడు.

"నాతోని కాదు, మేకది తే అని చెప్పరాదే! గింతదానికి మొకం గట్ల పెడితివేందే" అన్నాడు అంజి.

"పెండ్లాం పోయినంక ముసలాయన మొదటిపాలి ఏదన్న ఉషారుగ చేసిండురా. ఛీ అని ఎట్లంటరా?"

"అయితే మూస్కొని పుయ్యి."

భీమన్న అదీ చేయలేకపోయాడు. కొవ్వు గుంటతీసి పూడ్చాడు. సలాలాలో కొబ్బరినూనెకేం కొదవ? మైనంలో అదే కలిపాడు. మైనం కొంచెమే మిగలడంతో నూనె ఎక్కువే పడింది. బయట వానాకాలపు తుంపర, చల్లటి మంచు. ముద్ద గట్టిగానే పేరుకుంది. తూటాలు ముందుకన్నా నున్నగా రింగు దాటాయి. భీమన్నకు లోలోపల సంతోషం కూడా వేసింది.

ఆ జులైలోనే కొండ అవతల, తుమ్రైత్ దగ్గర, బఖీత్ వాళ్ల అన్నగారి మనవడి పెళ్లి. అక్కడి ముసలివాళ్లు తెల్లరాయి పెట్టి గురి చూసుకోవడం ఆనవాయితీ. బఖీత్ కొడుకు బిలాల్ ముందే తేల్చేశాడు.

"నాన్నా, నీ కళ్లు పోయాయి. తుపాకి నాకిచ్చెయ్."

"ఒక్క దెబ్బ. తగిలితే నా దగ్గరుంటుంది. తప్పితే నీదే."

పెళ్లికి ముందు రాత్రి బఖీత్ గొట్టాల్లో మందు పోస్తుంటే భీమన్న పక్కనే కూర్చుని దీపం పట్టాడు. ముసలాయన రవ్వంత కూడా ఒలకనివ్వలేదు. ప్రతి గొట్టానికీ కొలిచి పోశాడు.

కొండ దాటగానే మంచు పోయి నిప్పులు చెరిగే ఎండ. తూటాల సంచి కారు అద్దం ముందు మధ్యాహ్నం దాకా ఎండలో ఉండిపోయింది. ముసలాయన మోకాలు మడిచి కూర్చుని గురి పెట్టాడు. మీట లాగాడు.

తుస్సుమంది. కాస్త పొగ. తూటా గొట్టం మధ్యలోనే ఇరుక్కుంది.

ఎవరో కుర్రాడు నవ్వాడు. "తాత మందు పొయ్యడం మరిచాడు!" బిలాల్ నవ్వలేదు. మెల్లగా తండ్రి చేతిలోంచి రైఫిల్ అందుకున్నాడు.

భీమన్న సంచి ఎత్తి చూశాడు. అడుగున జిడ్డు మరక, కొబ్బరి వాసన. నూనె కరిగి మందులోకి దిగిపోయిందని అర్థమైంది. సంచి చంకలో దాచుకున్నాడు.

తిరుగుదారిలో, కారులో, ముసలాయన భీమన్న వైపు తిరిగాడు. "భీమా, మందు పోశాను కదా? నువ్వు చూశావు కదా?"

చూశానంటే తప్పెవరిదో చెప్పాలి. ఆ గిన్నె సంగతి చెప్పాలి.

"సూడలేదు బాబా" అన్నాడు భీమన్న.

రేపు చెప్దామనుకున్నాడు. ఆ రేపు నెలలు సాగింది. ఈలోగా ముసలాయన తన చేతులను నమ్మడం మానేశాడు. మాత్రలు వేసుకున్నానా, గ్యాస్ కట్టేశానా, నమాజు చదివానా అని ప్రతిదీ రెండుసార్లు అడిగేవాడు. తర్వాత పది సార్లు. వయసు మతిమరుపన్నారు ఆసుపత్రిలో. కావచ్చు. భీమన్నకు మాత్రం ఆ కారులో తానన్న రెండు ముక్కలే వినబడేవి.

ఒక పొద్దున ధైర్యం చేశాడు. ముసలాయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాడు, ఆవు కొవ్వు, గుంట, కొబ్బరినూనె, సంచి. "తప్పు నాది బాబా. నువ్వు మందు మంచిగనే పోసినవ్. దీపం పట్టింది నేనే."

బఖీత్ శ్రద్ధగా విన్నాడు. భీమన్న బొటనవేలు పట్టుకుని తడిమాడు.

"దానికేం ఏడుస్తావ్? రేపు అజీజా మేక కొవ్వు కాచి ఇస్తుందిలే. నువ్వు ఆవుది ముట్టవని ఎప్పుడో చెప్పింది. కొండ ఎక్కినప్పుడు నాకే గుర్తు రాలేదు."

భీమన్న మెల్లగా వేలు విడిపించుకున్నాడు. లేచి టీ పెట్టుకొచ్చి ఇచ్చాడు. ముసలాయన కప్పు పట్టుకుని ఉన్నట్టుండి కంగారుపడ్డాడు.

"భీమా, మందు పోశానా?"

"పోసినవ్ బాబా. నేను సూసిన."

ముసలాయన మొహం తేటపడింది. టీ చల్లారకముందే మళ్లీ అడిగాడు.